సోమవారమునాడు కదలని కారు

భానూర్ నుండి ఒక సోదరి వ్రాసిన యుత్తరము ఈ నెల మా శీర్షికకు మూలము. సంగారెడ్డి జిల్లా, పటాన్‌చెరు మండలములోని ఆ గ్రామము పేరు పలువురు వినియే యుందురు. యుద్ధటాంకులను ఛేదించు క్షిపణులను తయారుచేయు భారత్ డైనమిక్స్ వారి కర్మాగార మొకటి అచ్చట నున్నది. తమ యూరి క్షిపణి గురి తప్పదు గాని తమ యింటి కారు గుమ్మము దాటదని ఆ సోదరి హాస్యముగ మొదలుపెట్టెను. ఉత్తరము తుదకు వచ్చుసరికి ఆ హాస్యము నిలువలేదు.

ఆమె యత్తగారికి మూత్రపిండములు చెడినవి. వారమునకు మూడు పర్యాయములు, సోమ, బుధ, శుక్రవారములలో, తెల్లవారుజామున సంగారెడ్డికి తీసికొనిపోయి డయాలిసిస్ చేయించవలయును. భర్తకు షిఫ్టు పని. రాత్రి డ్యూటీ పడిన వారములలో ఆ వేళకు ఆయన యింట నుండడు. కనుక కారు నడుపునది ఆమెయే. కారు మారుతి 800, మామగారు కొన్నది, ఇరువది యేండ్లు దాటినది. నవంబరు నెలనుండి ఆ కారు ఉన్నట్టుండి మొరాయింపసాగెను. తాళము త్రిప్పిన టిక్కు టిక్కు మను చప్పుడేగాని యింజను తిరుగదు. ఒక మెకానిక్కు చూచి బ్యాటరీ పోయినదనెను, క్రొత్తది వేయించిరి. మూడు వారములు గడువకమునుపే మరల అదే వరుస. రెండవ మెకానిక్కు ఆ బ్యాటరీయే నాసిరకమని చెప్పి మరియొకటి వేసెను. అదియు నంతే యయ్యెను.

ఒక సోమవారము ఉదయము ఐదు గంటలకు, చలిలో, అత్తగారికి శాలువ కప్పి కారులో కూర్చుండబెట్టిన తరువాత బండి కదలలేదు. ఆటో దొరకుసరికి ముప్పావు గంట పట్టెను. ఆసుపత్రికి చేరునప్పటికి ఆమె వంతు దాటిపోయెను; మధ్యాహ్నము వరకు బల్లమీద కూర్చుండవలసి వచ్చెను. "అత్తమ్మ నన్ను ఒక్కమాట అనలేదు. అనియుండిన బాగుండు ననిపించినది" అని ఆ సోదరి వ్రాసెను. మూడవ బ్యాటరీ కొనవలయునా, కారునే అమ్మివేయవలయునా అనునది ఆమె ప్రశ్న.

రెండును వలదని మా సమాధానము. ముందు కారణము కనుగొనవలయును. ఆ పని మెకానిక్కుకంటె ఇల్లాలికే సులభమని మేము చెప్పిన సోదరీమణులు నవ్వుదురేమో! కడవరకు చదివి పిమ్మట నవ్వుడు.

చేతిపిడి కాలము

తొలి మోటారు కార్లకు ముందుభాగమున ఇనుప పిడి యొకటి యుండెడిది. దానిని బలముగ త్రిప్పినగాని యింజను లేచెడిది కాదు. ఒక్కొక్కప్పుడు పిడి వెనుకకు తన్ని త్రిప్పినవారి మణికట్టు విరుగుటయు కలదు. 1912లో అమెరికాలో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ అను ఇంజనీరు విద్యుత్తుతో పనిచేయు సెల్ఫు మోటారు నమర్చెను. నాటినుండి కారు నడుపుటకు భుజబలముతో పని లేకపోయెను. అనేకమంది స్త్రీలు చక్రము చేతబట్టిరి. అంతకు మూడేండ్లకు ముందే, 1909లో, ఇంగ్లండులో డొరొతీ లెవిట్ అను నామె కారు నడుపు స్త్రీలకొరకే ఒక పుస్తకము వ్రాసి, యంత్రభాగముల మర్మము బోధించినది. వెనుక వచ్చు బండ్లను చూచుటకు చేతియద్దము దగ్గర నుంచుకొనుడని చెప్పినదియు నామెయే. యంత్రజ్ఞానము స్త్రీలకు క్రొత్తది కాదని చెప్పుటకే ఈ మాట.

మన దేశమున అంబాసిడర్ కార్లకు ఆ చేతిపిడి చాలకాలము నిలిచినది. మారుతి 800కు అది లేదు. 1983 డిసెంబరులో మొదటి కారు వెలువడగా, 2014 జనవరిలో దాని తయారీ ముగిసెను. కనుక నేడు బాటమీద కనబడు ప్రతి మారుతి 800 పదేండ్లు దాటినదే. అట్టి బండిలో బ్యాటరీ చల్లబడినచో నలుగురు కూడి త్రోయుట తప్ప వేరు దారి లేదు. తెల్లవారుజామున ఐదు గంటలకు ఆ నలుగురు ఎక్కడ దొరకుదురు?

పెట్టె, సంపాదన, ఖర్చు

బ్యాటరీ మర్మము ఇల్లు నడుపు స్త్రీకి తెలియని దేమియు కాదు. అందు ఆరు గదులున్నవి. ఒక్కొక్క గదిలో సీసపు రేకులు పలుచని గంధకికామ్లమున మునిగియుండును. ఈ విధమైన బ్యాటరీని 1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. ఒక్కొక్క గది రెండు వోల్టులకు కొంచె మెక్కువ యిచ్చును; ఆరును కలిసి నిండుగనున్నప్పుడు 12.6 వోల్టులు. ఇది ఇంటిలోని డబ్బుపెట్టె.

తాళము త్రిప్పినప్పుడు సెల్ఫు మోటారు ఈ పెట్టెనుండి నూరు ఆంపియర్లకు మించిన కరెంటును కొన్ని క్షణములపాటు లాగుకొనును. ఇది పెద్ద ఖర్చు, పెండ్లి ఖర్చువంటిది. ఇంజను లేచిన తరువాత బెల్టుతో తిరుగు ఆల్టర్నేటరు కరెంటును పుట్టించి, దీపములకు, హారనునకు ఇచ్చి, మిగిలినది పెట్టెలో వేయును. ఇది సంపాదన. పూర్వపు కార్లలో దీని స్థానమున డైనమో యుండెడిది.

ఇక పెట్టె ఖాళీయగుటకు మూడే కారణములు. పెట్టెయే పాతదై పగిలియుండవచ్చును, సంపాదన తగ్గియుండవచ్చును, ఎవరికిని తెలియని చిల్లి ఖర్చు ఒకటి లోలోపల సాగుచుండవచ్చును. నెలాఖరుకు డబ్బు చాలని యింటిలో క్రొత్త పెట్టె కొని తెచ్చిన ధనము నిలుచునా? భానూర్ సోదరి యింట జరిగినది సరిగ అదియే. రెండు పెట్టెలు మార్చిరి. లెక్క ఎవరును చూడలేదు.

కన్నులతో, చెవులతో చూడదగినవి

పనిముట్టు లేమియు లేకయే తెలిసికొనదగినవి కొన్ని గలవు.

తాళమును సగము త్రిప్పినప్పుడు మీటర్ల పలకమీద బ్యాటరీ బొమ్మతో ఎఱ్ఱదీపము వెలుగవలయును; ఇంజను లేచినంతనే ఆరవలయును. ఆరకున్నను, మిణుకుమిణుకు మనుచున్నను సంపాదన లేదని గుర్తు. తాళము త్రిప్పినను వెలుగకపోవుటయు మంచిది కాదు. పెక్కు పాత కార్లలో ఆ చిన్నదీపము గుండ పోవు కరెంటే ఆల్టర్నేటరును మేల్కొలుపును. దీపము మాడిపోయిన, అది నిద్ర లేవకపోవచ్చును.

హెడ్ లైట్లు వేసి సెల్ఫు కొట్టి చూడుడు. దీపములు ఆరిపోవునంతగ క్షీణించి టిక్కు టిక్కు మన్నచో బ్యాటరీ ఖాళీయైనను అయియుండును, తీగల బంధమైనను సరిగ లేకుండును. దీపములు చక్కగ వెలుగుచున్నను చప్పుడే లేనిచో, దోషము బ్యాటరీది కాదు; సెల్ఫు మోటారుదో, తాళపు స్విచ్చిదో అగును.

బోనెట్టు ఎత్తి బ్యాటరీ కొమ్ములను చూడుడు. తెల్లగనో పచ్చగనో ఉప్పువలె పేరుకొన్న పొడి కరెంటుకు అడ్డు. తీగ మొనను చేతితో కదలించిన కదలరాదు. శుభ్రము చేయుటకు వేడినీటిలో వంటసోడా కలిపి, పాత పండ్లదోమె బ్రష్షుతో తోమి, తుడిచి ఆరబెట్టి, బిగించిన పిమ్మట పైన కొంచెము వాజిలీను పూయవలయును. సోడానీరు గదుల మూతలలోనికి పోకుండ చూచుకొనుడు. నల్లతీగను మొదట విప్పుడు, కడపట బిగింపుడు. బ్యాటరీనుండి కారు ఒంటికిని ఇంజనునకును పోవు నల్లతీగ రెండవ కొసకూడ తుప్పు లేక బిగువుగ నుండవలయును. పాత కార్లలో సగము వ్యాధులు అచ్చటనే దాగియుండును.

బెల్టును బొటనవ్రేలితో నొక్కిన సుమారొక సెంటీమీటరు లొంగవలయును. అంతకు మించి లొంగినను, బండి లేచునప్పుడు కీచుమన్నను అది జారుచున్నదని గ్రహింపవలయును. బెల్టు జారిన సంపాదన జారినట్లే.

ఇక వయస్సు. మన యెండలలో బ్యాటరీ ఆయువు సామాన్యముగ మూడు నాలుగేండ్లు. వేసవి వేడి లోపలి రేకులను తినివేయును. ఆ నష్టము డిసెంబరు చలిలో బయటపడును. పటాన్‌చెరు ప్రాంతమున శీతకాలపు ఉదయములు నగరముకంటె చల్లన. కనుక వేసవిలో చచ్చిన బ్యాటరీకి మనము శీతకాలమున ఏడ్చుచుందుము.

మీటరు చెప్పు మాట

పై పరీక్షలలో దోషము తెలియనిచో మల్టీమీటరు కావలయును. విద్యుత్తు సామాను అమ్ము దుకాణములలో కొన్ని వందల రూపాయలకు దొరకును. దాని చక్రమును నేరుకరెంటు 20 వోల్టుల గుర్తుకడ నుంచి, ఎఱ్ఱతీగను కూడిక గుర్తుగల కొమ్మునకు, నల్లతీగను తీసివేత గుర్తుగల కొమ్మునకు తాకింపుడు.

మొదటి కొలత తెల్లవారి తాళము ముట్టకమునుపు. 12.6 నిండు, 12.4 ముప్పాతిక; 12.2 సగము, 12.0 పాతిక, 11.8 ఖాళీ యనవచ్చును. బండి ఆపిన వెంటనే కొలిచిన లెక్క నమ్మదగినది కాదు. కొన్ని గంటలు విశ్రమింపవలయును.

రెండవ కొలత సెల్ఫు కొట్టునప్పుడు. ఒకరు తాళము త్రిప్పుచుండ మరియొకరు అంకె చూడవలయును. అది సుమారు పది వోల్టులకు దిగువకు జారరాదు. ఉదయమున 12.5 చూపి, సెల్ఫు కొట్టగనే ఎనిమిదికి పడిపోయిన, పెట్టె పైకి నిండుగ కనబడినను లోపల డొల్ల యని సామాన్యముగ అర్థము.

మూడవ కొలత ఇంజను నడుచుచుండగా. 13.8 మొదలు 14.5 వరకు ఉన్న సంపాదన బాగున్నది. దీపములు, గాలిపంకా వేసినను 13.5కు తగ్గరాదు. పన్నెండు చిల్లరయే యుండి క్రమముగ దిగుచున్నచో ఆల్టర్నేటరు పని చేయుట లేదు. పదునైదు దాటిన అదియు రోగమే. నియంత్రణము చెడి, అతిగ నింపి, బ్యాటరీ నీటిని మరిగించివేయుచున్నది. కుళ్లిన గ్రుడ్డు వాసన, ఉబ్బిన పెట్టె దీనికి గుర్తులు.

ఈ మూడు కొలతలును రెండు వారములు వ్రాసియుంచుమని ఆ సోదరికి మేము తెలిపితిమి. ఆమె వేరే పుస్తకము పెట్టలేదు. పాలలెక్క వ్రాయు గోడ క్యాలెండరుమీదనే, పాల లీటర్ల ప్రక్కన, వోల్టుల నంకెలు వేసి, ఆ పుటలను ఫోటో తీసి పంపెను. బుధవారములలో 12.2, శుక్రవారములలో 12.1; సోమవారములలో 11.6. ఇంజను నడుచునప్పుడు 13.6, దీపములు వేసిన 13.2.

ఆ పుటలలో ఇంకొక సంగతి కనబడినది. కారు మొరాయించిన దినములకు ఆమె నవంబరు నుండియు ఎఱ్ఱసిరాతో గుర్తు పెట్టియుండెను. అన్నియు సోమవారములే! అత్తగారు ఈ సంగతి ముందే కనిపెట్టి, ఆ వారము అచ్చి రాలేదని, కారునకు నిమ్మకాయయు మిరపకాయలును కట్టించిరట. పెద్దామె గమనించినది నిజమే. కారణము మాత్రము వేరు. శని, ఆదివారములు కారు కదలదు. శుక్రవారము మధ్యాహ్నము ఇల్లు చేరిన బండి సోమవారము ఐదు గంటలకు గాని లేవదు. అది 65 గంటలు. సోమవారమునుండి బుధవారమునకు 41 గంటలే. పెట్టెయే చెడియుండిన దినముల భేదము ఇంత ఖండితముగ నుండదు. సంపాదన బొత్తిగ లేకున్న ఎఱ్ఱదీపము చెప్పియుండును. ఎంత ఎక్కువసేపు నిలిచిన అంత ఎక్కువగ పోవుచున్న దనగా, ఎక్కడనో చిల్లి యున్నది. ఇద్దరు మెకానిక్కులు పట్టని సూత్రము పాలలెక్క క్యాలెండరులో దొరకినది.

చిల్లిని వెదకుట

తరువాతి ఆదివారము మేము భానూర్ పోయితిమి. చిల్లి వెదకు విధమును ఆ సోదరి చేతనే చేయించితిమి. ఇక్కడ వరుసగ వ్రాయుచున్నాము.

ముందు మెడలోని గొలుసును లోపలికి దోపుకొని, గాజులు, ఉంగరములు తీసివేయవలయును. ఇది అలంకారమునకు సంబంధించిన మాట కాదు. లోహపు గాజు ఒకప్రక్క కూడిక కొమ్మును, మరియొకప్రక్క కారు ఇనుమును తాకెనా, క్షణములో ఎఱ్ఱగ కాలి చర్మమును కాల్చివేయును.

తాళము తీసి, స్విచ్చులన్నియు ఆపి, తలుపులు మూయవలయును. మీటరులోని ఎఱ్ఱతీగను 10 ఆంపియర్ల రంధ్రములోనికి మార్చి, చక్రమును ఆంపియర్లకు త్రిప్పవలయును. బ్యాటరీ నల్లతీగను విప్పి, ఆ తీగకును కొమ్మునకును నడుమ మీటరును చేర్చవలయును. ఇప్పుడు బయటికి పోవు ప్రతి పైసయు మీటరు గుండనే పోవలయును. ఈ స్థితిలో సెల్ఫు ఎన్నడును కొట్టరాదు, మీటరు మాడిపోవును. కంప్యూటరులుగల క్రొత్త కార్లయందు అవి నిద్రపోవుటకు అరగంట ఆగి, పిమ్మట అంకె చూడవలయును. అట్టి కార్లలో 0.05 ఆంపియరు వరకు సహజము. గడియారము, పాటల పెట్టె తప్ప మరేమియు లేని పాత కారులో అంతకంటె తక్కువ యుండవలయును.

మీటరు 0.42 చూపెను.

లెక్క వేసితిమి. 0.4 ఆంపియరు చొప్పున 65 గంటలకు 26. ఆ కారు బ్యాటరీ మొత్తము శక్తి 35 ఆంపియరు గంటలు. మిగిలినది తొమ్మిది. సోమవారము రహస్యము తేలిపోయినది. డిక్కీలోనో పైకప్పులోనో ఆరక వెలుగు చిన్న 5 వాట్ల దీపము కూడ సరిగ ఇంతయే త్రాగును. డిక్కీ దీపము ఆరునో లేదో అను సందేహ మున్నవారు సెల్‌ఫోనులో వీడియో పెట్టి లోపల నుంచి, మూత వేసి తీసి చూచుకొనవచ్చును.

తరువాత ఫ్యూజులను ఒక్కొక్కటిగ తీసి మీటరు చూచితిమి. ఏ ఫ్యూజు తీసిన అంకె పడిపోవునో ఆ దారిలో దొంగ యున్నాడని తెలియును. మా యనుమానము పాటల పెట్టెమీద నుండెను. పాత కార్లకు తరువాత బిగించిన పాటల పెట్టెలు, అలారములు, వెనుక కెమెరాలు, ఫోను చార్జర్లు ముఖ్యమైన దొంగలు. బిగించువారు తొందరలో తీగను నేరుగ బ్యాటరీకే కలిపివేయుదురు. పాటల పెట్టె ఫ్యూజు తీసితిమి: 0.40. మిగిలినవన్నియు తీసితిమి: 0.40. ఆ సోదరి ముఖము చిన్నబోయినది. వరండాలో కుర్చీమీద కూర్చున్న అత్తగారు, తీసిన ఫ్యూజులు కలిసిపోకుండ ఇడ్లీపళ్లెము గుంటలలో వరుసగ పెట్టించి, ఏది ఎచ్చటిదో చెప్పుచుండిరి.

ఫ్యూజుల పెట్టెతో సంబంధము లేక నేరుగ పోవు లావుతీగలు రెండే మిగిలినవి. ఒకటి సెల్ఫు మోటారునకు, ఒకటి ఆల్టర్నేటరునకు. బ్యాటరీని పూర్తిగ విడదీసి, ఆల్టర్నేటరు వెనుకనున్న లావుతీగను విప్పి, దాని మొనకు టేపు చుట్టి, ఫ్యూజులన్నియు యథాస్థానమున పెట్టి, మరల మీటరు చేర్చితిమి. 0.02!

దొంగ ఆల్టర్నేటరే. దానిలో పుట్టు కరెంటు ముందు వెనుకలుగ ఊగుచుండును. దానిని ఒకేదిక్కున పంపుటకు లోపల డయోడు లను ఒంటిరెక్క తలుపులున్నవి. ఒక తలుపు బీట వారినచో పగటివేళ సంపాదన కొంచెము తగ్గును, అందుకే 13.6, 13.2 అంకెలు. ఇంజను ఆగిన తరువాత ఆ బీటలోనుండి బ్యాటరీ కరెంటు వెనుకకు కారును. పగలు సంపాదించి తెచ్చి పెట్టెలో వేసి, రాత్రి దొడ్డిదారిన వచ్చి తీసికొనిపోవు కొడుకువంటిది. ఎఱ్ఱదీపము ఆరుచుండుటచే ఇతనిమీద ఎవరికిని అనుమానము రాదు.

మరమ్మతు అగువరకు ఏమి చేయవలయును? శుక్రవారము ఇల్లు చేరగనే నల్లతీగను విప్పి, సోమవారము పోవునప్పుడు బిగించిన చాలును. ఒక పానా తప్ప ఖర్చు లేదు. మరుసటి సోమవారము ఆమె అట్లే చేసి వేళకు ఆసుపత్రి చేరినది. ఆ వారములోనే పటాన్‌చెరులో ఆటో ఎలక్ట్రీషియను వద్దకు బండి తీసికొనిపోయి, బ్యాటరీ మార్చుమని గాక, ఆల్టర్నేటరు విప్పి డయోడుల పళ్లెము చూడుమని చెప్పినది. అంకెలు వ్రాసిన కాగితము చూపినది. ఆతడు పళ్లెము మార్చి, క్రొత్త బెల్టు వేసి, బ్యాటరీని ఒక రాత్రియంతయు నెమ్మదిగ నింపియిచ్చెను. మొత్తము ఖర్చు ఒక బ్యాటరీ ధరలో సగము కాలేదు. అయితే పలుమారులు అడుగంటిన బ్యాటరీ మునుపటి ఆయువు నిలుపుకొనదు. రేకులమీద గట్టిపడిన పొర పూర్తిగ కరగదు. దోషము తెలియకముందే క్రొత్త బ్యాటరీ వేసిన దానికిని అదే గతి పట్టునని దీనివలన తెలిసికొనవలయును.

హెచ్చరికలు

ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగను పీకి, ఇంజను ఆగునో లేదో చూచుట కొందరు మెకానిక్కుల కలవాటు. ఇది డైనమోల నాటి పరీక్ష. ఆల్టర్నేటరుగల బండిలో ఇట్లు చేసిన వోల్టులు ఒక్కసారి ఎగసి డయోడులను, ఇతర సున్నిత భాగములను మాడ్చును. ఎవరైన చేయబోయిన వలదని గట్టిగ చెప్పుడు.

పొరుగువారి బండినుండి కరెంటు తీసికొనునప్పుడు ఎఱ్ఱతీగను మొదట చచ్చిన బ్యాటరీ కూడిక కొమ్మునకు, పిమ్మట మంచిదాని కూడిక కొమ్మునకు చేర్పుడు. నల్లతీగను మంచిదాని తీసివేత కొమ్మునకు చేర్చి, రెండవ కొసను చచ్చిన బ్యాటరీకి గాక, ఆ బండి ఇంజను ఇనుమునకు బ్యాటరీకి దూరముగ తగిలింపుడు. విప్పునప్పుడు ఈ వరుసను తలక్రిందులు చేయవలయును. బ్యాటరీనుండి వెలువడు హైడ్రోజను వాయువు ఒక్క నిప్పురవ్వకు ప్రేలును గనుక ఈ జాగ్రత్త. అందుచేతనే క్రొత్త బండికి పూజ చేయునప్పుడు సయితము తెరచిన బోనెట్టు దగ్గర హారతి, అగరువత్తులు కూడవు.

ఆమ్లము కంటబడిన ఆలస్యము చేయక పదునైదు నిమిషములకు తక్కువ గాకుండ మంచినీటి ధారతో కడిగి వైద్యుని చూడవలయును. నీరు పోయవలసిన రకము బ్యాటరీలకు డిస్టిల్డ్ వాటరే పోయవలయును. బోరునీటిలోని లవణములు రేకులను చెరచును.

పాత బ్యాటరీని వీధిలో వచ్చు పాతసామానువానికి ఇయ్యవలదు. పెరళ్లలో సీసము కరగించు చోట ఆ పొగయు ధూళియు పసిబిడ్డల మెదడునకు హాని చేయును. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనలచే పాతవానిని సేకరించి శుద్ధిచేయించు బాధ్యత తయారీదారులమీద పడినది. అమ్మిన దుకాణమునకే తిరిగి యిచ్చిన ధరలో కొంత తగ్గింపు కూడ దొరకును.

ఇంటికిని బడికిని మాత్రము తిరుగు కారునకు ప్రతి తడవయు పెండ్లిఖర్చే గాని సంపాదనకు వ్యవధి యుండదు. అట్టి బండిని వారమున కొకసారియైన అరగంటకు తక్కువ గాక బాటమీద నడుపుట మేలు.

నిన్న ఆ సోదరినుండి మరియొక యుత్తరము వచ్చినది. సోమవారము ఉదయపు అంకె 12.5 అట. ఇప్పుడు అత్తగారే లేవగనే "అంకె ఎంత?" అని యడుగుచున్నారట. నిమ్మకాయ మాత్రము ఇంకను వ్రేలాడుచున్నదట. తీయుమని కోడలు అనలేదు, అత్తగారు తీయలేదు. దానివలన కరెంటు ఖర్చు లేదు గనుక మాకును ఆక్షేపణ లేదు.

పాత కారు గల సోదరీమణులు రేపటినుండి క్యాలెండరుమీద పాలలెక్క ప్రక్కన ఒక అంకె వేయ మొదలిడుడు. బండి మొరాయించిన దినమునకు ఎఱ్ఱగుర్తు పెట్టుడు. మెకానిక్కు వచ్చినప్పుడు బండితోపాటు ఆ పుటను కూడ చూపుడు.